ఫైవ్ కార్డ్ డ్రా పోకర్ కొత్తగా నేర్చుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

కాశీబుగ్గ_కుర్రాడు:

మా బావ ఓడ మీద పనిచేస్తారు, సెలవు మీద ఊరొచ్చారు. రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కి ఆరుగురం పేక తీస్తున్నాం. ఇన్నాళ్లూ మా ఇంట్లో పదమూడు ముక్కల రమ్మీ, శివరాత్రి జాగారానికి మూడు ముక్కలు, అంతకుమించి లేదు. ఈసారి బావ ఫైవ్ కార్డ్ డ్రా పోకర్ మొదలెట్టించారు. డబ్బు లేదు, పందెం అంతా జీడిపిక్కలే, మా తోటవే.

మేం పెట్టుకున్న రూల్స్ చెప్తాను. పంచకముందే మనిషికో పిక్క మధ్యలో వేస్తాం. అయిదేసి ముక్కలు పంచాక జాకీల జత గానీ అంతకంటే పెద్దది గానీ ఉన్నవాళ్లే పందెం తెరవాలి. తర్వాత మూడు ముక్కల దాకా మార్చుకోవచ్చు, ఆ తర్వాత ఇంకో రౌండు పందెం, షో. మార్చకముందు పందెం రెండు పిక్కలు, మార్చాక నాలుగు. పెంచాలంటే కూడా అంతే లెక్కన పెంచాలి.

రూల్స్ ఎక్కాయి, కానీ ఆడటం రావట్లేదు. ఏ ముక్కలు ఉంచాలో, ఏవి పారేయాలో, అసలు ఆడాలో డ్రాప్ అవ్వాలో ఏ ఆధారం మీద తేల్చుకోవాలి? పర్సెంటేజీలన్నీ బట్టీ పట్టాలా? బావని అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు, పైగా అప్పుడప్పుడు ఒక్క ముక్కా మార్చకుండా పందెం పెంచేస్తారు, అందరం భయపడి పడేస్తాం. ఇంకో గొడవ కూడా ఉంది, కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) పెద్దదా సీక్వెన్స్ (వరస ముక్కలు) పెద్దదా అని మా చిన్నాన్న రోజూ పేచీ. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మూడు_లాంతర్లు:

ముందు మీ చిన్నాన్నగారి పేచీ తీర్చేద్దాం. ఆయన మూడు ముక్కలాట లెక్కలో మాట్లాడుతున్నారు, ఆ ఆటలో ఆయనదే రైటు. మూడు ముక్కల్లో సీక్వెన్స్ కలర్ కంటే పెద్దది, ఎందుకంటే సీక్వెన్సులు 720 రకాలే పడతాయి, కలర్లు 1,096. అయిదు ముక్కలకి వచ్చేసరికి అది తిరగబడుతుంది, సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. ఏది అరుదుగా పడితే అది పెద్దది, అంతే రూలు. కాబట్టి ఇక్కడ కలరే పెద్దది.

ఇదే లెక్కన మూడు ముక్కల్లో అన్నిటికీ మీద కూర్చునే ట్రయల్ (మూడూ ఒకటే) ఇక్కడ సీక్వెన్స్ కిందకి దిగిపోతుంది. మూడు ఆసులు పడ్డాయని ఎగిరి గంతేస్తే ఎదుటివాడు రెండు మూడు నాలుగు అయిదు ఆరు చూపించి పిక్కలన్నీ ఊడ్చుకుపోతాడు. ఇంకోటి, మూడు ముక్కల్లో ఆసు రెండు మూడు పెద్ద సీక్వెన్స్ కదా, ఇక్కడ ఆసు రెండు మూడు నాలుగు అయిదు అన్నిటికంటే చిన్న సీక్వెన్స్. రాణి రాజు ఆసు రెండు మూడు అని చుట్టూ తిప్పి కలపడం ఉండదు. ఇస్పేట్ పెద్దది కళావర్ చిన్నది అనేదీ లేదు, నాలుగు రంగులూ సమానమే, ఇద్దరిదీ అచ్చంగా ఒకటే అయితే పాట్ (మధ్యలో పోగైన పిక్కలు) పంచుకోవాలి.

వరస పైనుంచి: ఒకే రంగు సీక్వెన్స్, నాలుగు ఒకటే, ఫుల్ హౌస్ (మూడు ఒకటి, రెండు ఒకటి), కలర్, సీక్వెన్స్, మూడు ఒకటే, రెండు జతలు, ఒక జత, ఏమీ లేకపోతే పెద్ద ముక్క. దీన్ని చీటీ మీద రాసి డాబా మీద పెట్టుకోండి, పేచీలు సగం తగ్గుతాయి.

ఇక ఆట సంగతి. రమ్మీ ఆడేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, ముక్కలు ఎంత అధ్వానంగా ఉన్నా ఇంకో రెండు ముక్కలు ఎత్తి చూద్దాం అనిపిస్తుంది. అక్కడ ఎత్తడానికి బోలెడు వంతులుంటాయి, ఇక్కడ మార్పు ఒక్కసారే. అందుకని ఇక్కడ ఫస్ట్ డ్రాప్ దగ్గరే సగం ఆట ఉంది. రమ్మీలో ఫస్ట్ డ్రాప్ అయితే 20 పాయింట్లు, మిడిల్ డ్రాప్ 40, ఫుల్ కౌంట్ 80 అని వేలి కొనల మీద లెక్క చెప్పేవాళ్లం, ఇక్కడ మొదట్లోనే పడేస్తే పోయేది మధ్యలో వేసిన ఒక్క పిక్కే. ఆ ఒక్క పిక్కకి మనసు ఒప్పుకోకే చాలామంది పది పిక్కలు పోగొట్టుకుంటారు. పంచినవాటిలో ఎక్కువసార్లు పడేయడమే మీ పని అనుకోండి. బోర్ కొడుతుంది, నిజమే, కానీ బోర్ కొట్టకుండా ఆడేవాళ్ల పిక్కలే మిగతావాళ్ల ముందు కుప్ప పడతాయి.

బొబ్బిలి_లెక్కలు:

పర్సెంటేజీలన్నీ బట్టీ పట్టక్కర్లేదు బాబూ, అయిదారు అంకెలు చాలు. కానీ అవి ఎలా వచ్చాయో తెలిస్తే ఆట మధ్యలో మర్చిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు.

మీ చేతిలో అయిదు ముక్కలు కనిపిస్తున్నాయి, కనబడనివి 47. ఎదుటివాళ్ల దగ్గరున్నా పేకలో ఉన్నా మీకు తెలియదు కాబట్టి అన్నీ ఒకటే లెక్క. ఇప్పుడు మీకు నాలుగు ఆటీన్లు ఉన్నాయి, అయిదోది మారుస్తున్నారు. మిగిలిన ఆటీన్లు తొమ్మిది. 47లో 9, అంటే నూటికి 19. అయిదుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి కూడా సరిగ్గా రాదన్నమాట. అయిదు ఆరు ఏడు ఎనిమిది ఉంది, నాలుగు పడినా తొమ్మిది పడినా సీక్వెన్స్, అంటే ఎనిమిది ముక్కలు పనికొస్తాయి, నూటికి 17. అదే అయిదు ఆరు ఎనిమిది తొమ్మిది ఉండి మధ్యలో ఏడు కోసం చూస్తుంటే నాలుగే ముక్కలు, నూటికి 8.5. ఈ మధ్య ఖాళీ సీక్వెన్స్ కోసం మార్చడం కొత్తవాళ్లకి ఎంత ఇష్టమో నేను చెప్పక్కర్లేదు. మానేయండి.

జత ఉంచుకుని మూడు ముక్కలు మారిస్తే ఏదో ఒక మెరుగు రావడానికి నూటికి 28.7. అందులో రెండు జతలు అవ్వడం 16, మూడు ఒకటే అవ్వడం 11 చిల్లర, ఫుల్ హౌస్ ఒకటి, నాలుగు ఒకటే అనేది పావు శాతం. మూడు ఒకటే ఉంచి రెండు మారిస్తే మెరుగు 10.4. రెండు జతలు ఉంచి ఒకటి మారిస్తే ఫుల్ హౌస్‌కి నాలుగు ముక్కలే పనికొస్తాయి, మళ్లీ 8.5.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. రెండు జతలు చూడగానే పెద్దవిగా కనిపిస్తాయి, పంచగానే పడేది నూటికి 5 కూడా ఉండదు. కానీ మార్చాక దాదాపు అక్కడే ఉండిపోతాయి, అవతలివాళ్లు ఎదుగుతారు. మీ దగ్గర ఏడుల జత, నాలుగుల జత ఉన్నాయనుకుందాం. ఎదురుగా రాణుల జతతో ఒక్కడే ఉంటే వాడు మెరుగుపడి మిమ్మల్ని దాటే అవకాశం ఆ 28.7. అలాంటి జతలతో ఇద్దరుంటే కనీసం ఒకడు దాటే అవకాశం సుమారు 49. ముగ్గురుంటే 64. మీ ముక్కలు అవే, మారింది మనుషుల సంఖ్య. అందుకే చిన్న రెండు జతలు ఉన్నప్పుడు ముక్కలు మార్చకముందే పెంచేయాలి, ఒక్కడే మిగిలేలా చూసుకోవాలి. ఊరికే కాల్ చేసి (పెంచకుండా సమానంగా వేసి) నలుగురినీ లోపలికి రానిచ్చి ఆడటం కంటే పడేయడమే నయం. మూడు ఒకటే ఉంటే ఇంత భయం అక్కర్లేదు, మనుషులు ఉన్నా పర్వాలేదు.

ఇప్పుడు పాట్ లెక్క. మీ రూల్ ప్రకారం ఆరుగురివీ ఆరు పిక్కలు మధ్యలో ఉన్నాయి. ఒకరు రెండు వేసి తెరిచారు, ఎనిమిది. ఇంకొకరు కాల్, పది. మీ వంతు. మీరు రెండు వేస్తే పది గెలవచ్చు, అంటే ఒకటికి అయిదు. నాలుగు ఆటీన్లకి రానివి 38, వచ్చేవి 9, ఒకటికి నాలుగు చిల్లర ఇస్తే గిట్టుబాటు. అయిదు ఇస్తోంది, ఆడొచ్చు. రెండు వైపులా తెరిచి ఉన్న సీక్వెన్స్‌కి 39కి 8, ఒకటికి దాదాపు అయిదు, అంచు మీద ఉంది. మధ్య ఖాళీకి 43కి 4, ఒకటికి పదకొండు దాకా ఇవ్వాలి, ఎవరిస్తారు?

ఈ మొత్తం లెక్క ఒకే ప్రశ్న: నేను వేసేదానికి పాట్ ఎన్ని రెట్లు ఇస్తోంది, నా ముక్క రావడానికి ఎన్ని రెట్లు కావాలి. డాబా మీద పిక్కలు కుప్పగా పోస్తే లెక్క తెలియదు, అయిదేసి చొప్పున పేర్చమని చెప్పండి.

సోంపేట_సీమాన్:

మాస్టారి లెక్కలకి దండం, అన్నీ కరెక్టే. కానీ తమ్ముడూ, ఈ ఆటలో నీ ముక్కలు చూసుకోవడం కంటే ఎదుటివాడి చేతులు చూడటం ముఖ్యం. ఓడ మీద నెలల తరబడి ఇదే ఆట, అందుకే మీ బావ నవ్వుతున్నారు.

హోల్డెమ్ అనే ఇంకో రకం పోకర్‌లో అయితే మధ్యలో ముక్కలు పడతాయి, అందరూ అవే చూస్తారు. ఇక్కడ ఎవరి ముక్కా కనబడదు. కనబడేది ఒక్కటే, ఎవడు ఎన్ని మార్చాడు. మూడు మార్చాడా, జతతో ఉన్నాడు. రెండు మార్చాడా, మూడు ఒకటే ఉన్నాయి, లేదా జతకి పక్కన ఆసు పట్టుకుని వేషం వేస్తున్నాడు. ఒకటి మార్చాడా, రెండు జతలు గానీ కలర్, సీక్వెన్సుల కోసం వేట గానీ. సున్నా అంటే సీక్వెన్స్ లేదా ఆపైన, లేదా మీ బావ.

మీ రూల్లో తెరిచినవాడి దగ్గర జాకీలు తప్పనిసరి కదా, అది ఇంకా మంచిది. తెరిచినవాడు ఒక ముక్క మారిస్తే ఎక్కువసార్లు రెండు జతలే, కలర్ కోసం జత విరగ్గొట్టేవాళ్లు తక్కువ. తెరవకుండా పక్కనుంచి కాల్ చేసి ఒకటి మార్చినవాడు మాత్రం వేటగాడే అనుకో. అలాంటివాడు రెండో రౌండులో పందెం వేస్తే వాడికి తగిలిందనో, తగలక ఆడుతున్నాడనో రెండే అర్థాలు. ఆ సమయంలో నీ చేతిలో రాజుల జత ఉన్నా ఆసుల జత ఉన్నా ఒకటే, వాడి అబద్ధాన్ని పట్టడానికి మాత్రమే పనికొస్తుంది. నీ దగ్గర రెండు జతలయ్యాయని పొంగిపోయి వాడి మీద పెంచకు, తగిలినవాడు పోడు, తగలనివాడు పారిపోతాడు, పెంచి నువ్వు సంపాదించేదేం లేదు.

నేర్చుకునే పద్ధతి చెప్తా. కొన్ని రాత్రులు నీ ముక్కలు బాగోక ముందే పడేస్తావు కదా, అప్పుడు ఫోన్ తీయకు. కూర్చుని చూడు. ఎవడు ఎన్ని మార్చాడు, ఏం చూపించాడు. మీ చిన్నాన్న రెండు మార్చినప్పుడల్లా నిజంగానే మూడు ఒకటే ఉంటున్నాయా, ఆసు పట్టుకుని కూర్చుంటున్నారా? ఆ ఒక్క సంగతి తెలిస్తే మాస్టారి పర్సెంటేజీలకంటే ఎక్కువ పిక్కలు తెస్తుంది, ఆయన ఏమీ అనుకోకూడదు.

బొబ్బిలి_లెక్కలు:

అనుకునేదేముంది, నిజమే. కానీ ఒకటి చెప్పాలి. జతకి పక్కన ఆసు ఉంచి రెండు మార్చే వేషానికి ఖరీదు ఎంతో తెలుసా? మెరుగయ్యే అవకాశం 28.7 నుంచి 26కి దిగుతుంది, అంతే. మూడు ఒకటే ఉన్నప్పుడు ఒక అదనపు ముక్క ఉంచి ఒకటే మారిస్తే 10.4 నుంచి 8.5కి. అంటే వేషం చవకే. అందుకని రెండు మార్చినవాడి దగ్గర మూడు ఒకటే ఉన్నాయని గుడ్డిగా నమ్మకూడదు, మీరూ అప్పుడప్పుడు ఆ వేషం వేయాలి. ఎప్పుడూ వేస్తే అది వేషం కాదు, అలవాటు.

ఏడురోడ్ల_కూడలి:

ఇంత లెక్క దేనికండీ, పేకాట అంటే లక్కు. ఫోన్లో యాప్ వేసుకుని ఆడితే రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

మూడు_లాంతర్లు:

యాప్ సలహా ఇవ్వకండి దయచేసి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపేశారు, రమ్మీ పోకర్ అన్నీ అందులోకే వస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఈ కుర్రాడు పిక్కలతో ఆడుకుంటున్నాడు, అక్కడే ఉండనివ్వండి.

లక్కు మాట కూడా కొంతే నిజం. 1968లో సుప్రీం కోర్టు మన రాష్ట్రం కేసులోనే రమ్మీకి నైపుణ్యం కావాలంది, మూడు ముక్కలాటని మాత్రం అదృష్టం కిందే లెక్కేసింది. ఒక్క రాత్రికి చూస్తే లక్కే గెలుస్తుంది, నేను కాదనను. నెల రోజులు అదే ఆరుగురు కూర్చుంటే ఎవరి బస్తా నిండుతుందో చూడండి.

కాశీబుగ్గ_కుర్రాడు:

అందరికీ థాంక్స్. చీటీ రాసి పెట్టాను, చిన్నాన్న చదివి మాట్లాడకుండా ఊరుకున్నారు.

ఒక హ్యాండ్ అడుగుతాను. నాకు ఆటీన్ రాజు, ఆటీన్ తొమ్మిది, ఆటీన్ ఆరు, ఆటీన్ రెండు, కళావర్ తొమ్మిది పడ్డాయి. మా అక్క తెరిచింది, మా పక్కింటి అన్నయ్య కాల్ చేశాడు, తర్వాత నేను. తొమ్మిదుల జత ఉంచి మూడు మార్చాలా, జత విరగ్గొట్టి కళావర్ తొమ్మిది పారేసి కలర్ కోసం చూడాలా? జతకి 28.7 కదా, కలర్‌కి 19 కదా, మరి జతే మంచిది కాదా?

బొబ్బిలి_లెక్కలు:

మంచి ప్రశ్న, సరిగ్గా ఇక్కడే అంకెలు బట్టీ పట్టినవాళ్లు బోల్తా పడతారు. 28.7 అనేది మెరుగయ్యే అవకాశం, గెలిచే అవకాశం కాదు. మీ అక్క దగ్గర జాకీల జత తక్కువ కాకుండా ఉంది. మీ తొమ్మిదులు మెరుగు కాకపోతే ఎలాగూ ఓడిపోయాయి. మెరుగై తొమ్మిదులు, నాలుగులు రెండు జతలయ్యాయనుకోండి, ఆవిడ కూడా మెరుగుపడితే మళ్లీ ఓటమే, ఎందుకంటే ఆవిడ పెద్ద జత మీ తొమ్మిదుల కంటే పెద్దది. పైగా పక్కింటాయన కూడా ఉన్నారు. అదే కలర్ పడితే దాదాపు గెలిచినట్టే, ఫుల్ హౌస్ తగిలితే తప్ప. 19 శాతం చిన్నదే, కానీ ఆ 19 గట్టిది.

పాట్‌లో పది ఉన్నాయి, మీరు వేయాల్సింది రెండు. పైన చెప్పిన లెక్కే, కళావర్ తొమ్మిది పారేసి ఒకటి మార్చండి. రాజు పడితే రాజుల జత అవుతుంది కదా అని దాన్ని కూడా లెక్కలో కలపొద్దు, ఇద్దరి మీద అది పెద్ద భరోసా కాదు.

సోంపేట_సీమాన్:

ఇక్కడ నేను మాస్టారితోనే ఉన్నా, కాకపోతే పక్కింటి అన్నయ్య కాల్ చేయకపోతే వేరే. అక్క ఒక్కతే ఉంటే పాట్‌లో ఎనిమిది, నువ్వు వేసేది రెండు, ఒకటికి నాలుగే వస్తోంది, కలర్‌కి నాలుగు పైచిలుకు కావాలి. అయినా నేను ఆడతా, ఎందుకంటే తగిలితే తర్వాతి రౌండులో ఇంకో నాలుగు పిక్కలు అక్క దగ్గర్నుంచి వస్తాయి. ఆవిడ ఒక ముక్క మార్చినవాడికి ఎప్పుడూ పందెం ఇవ్వని మనిషి అయితే మాత్రం డ్రాప్. అక్క ఎలాంటిదో నీకే తెలుసు.

తొమ్మిదులు ఉంచుకుని ఆడటం మాత్రం ఎలా చూసినా నష్టమే. జాకీలతో తెరవాలనే రూల్ ఉన్నచోట పదుల జత దాకా ఉన్నవన్నీ ఎదుటివాడు తెరిచాక చెత్త బుట్టే. కొత్తలో ఇది నమ్మడం కష్టం, జత పడింది కదా అనిపిస్తుంది. నూటికి 42 సార్లు ఎవడికైనా జతే పడుతుంది, అందులో గొప్పేం లేదు.

మూడు_లాంతర్లు:

తెరవడం గురించి ఎవరూ చెప్పలేదు. జాకీలు ఉంటే తెరవొచ్చు అని రూలు, తెరవాలి అని కాదు. జాకీల జత గానీ అంతకుమించి గానీ పడే అవకాశం నూటికి ఇరవై పైచిలుకు. పంచినవాడి పక్కన మొదట మాట్లాడేది మీరైతే వెనకాల ఇంకా అయిదుగురున్నారు, వాళ్లలో కనీసం ఒకరికి అలాంటివి ఉండే అవకాశం సుమారు 68. జాకీలతో తెరిస్తే రాజులవాడు వెనక నుంచి పెంచుతాడు, అప్పుడు ముందుకీ పోలేరు వెనక్కీ రాలేరు. అందుకని మొదట్లో కూర్చుంటే ఆసులు, బాగుంటే రాజులు, అంతకంటే తక్కువైతే చెక్ (పందెం వేయకుండా వంతు వదలడం) అనండి. మధ్యలో రాణులు. అందరూ చెక్ అని మీ దాకా వచ్చి, పంచింది మీరే అయితే అప్పుడు జాకీలతో ధైర్యంగా తెరవండి. కుర్చీ మారితే అవే ముక్కల విలువ మారుతుంది, రమ్మీలో ఈ సంగతి ఇంత గట్టిగా ఉండదు కాబట్టి మనవాళ్లకి తట్టదు.

ఇంకో చిన్న సంగతి, ముక్కలు కలపడం. షో అయ్యాక జతలు జతలుగానే పేకలోకి పోతాయి. పైపైన రెండు సార్లు కోసి పంచితే ఆ జతలు విడిపోవు, ఈ లెక్కలన్నీ గాలికే. పేకని రెండు సగాలు చేసి ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో ఏడు సార్లు కలిపితే బాగా కలుస్తుందని 1992లో ఇద్దరు గణితవేత్తలు తేల్చారు. తీరప్రాంతం తేమకి ముక్కలు అంటుకుంటాయి, ప్లాస్టిక్ పేక తెచ్చుకోండి. జోకర్లు తీసేయండి. ఏడుగురు కూర్చోవద్దు, అందరూ మూడేసి మారిస్తే 35, 21 కలిపి 56 ముక్కలు కావాలి, పేకలో ఉన్నవి 52.

కాశీబుగ్గ_కుర్రాడు:

అక్క పందెం ఇచ్చే మనిషే అన్నా, కచ్చితంగా ఇస్తుంది. ఇక ఒక్కటే మిగిలింది, బావ సున్నా మార్చి పెంచేయడం. నిజంగా ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది? నేను కూడా అలా చేయొచ్చా?

సోంపేట_సీమాన్:

సీక్వెన్స్ గానీ ఆపైన గానీ పంచగానే పడటం 132 సార్లకి ఒకసారి. మీరు రాత్రికి ఎన్ని ఆటలు ఆడతారో లెక్కేసుకో, బావ ఎన్నిసార్లు సున్నా అంటున్నారో పక్కన పెట్టి చూడు. రాత్రికి మూడు నాలుగుసార్లు అంటున్నారంటే అందులో ఎక్కువ భాగం రెండు జతలో మూడు ఒకటేనో అయ్యుంటాయి. అప్పుడు మంచి రెండు జతలుంటే కాల్ చెయ్, పడేయకు. ఒక్కసారి షో చేయించి చూస్తే ఆయన కూడా తగ్గుతారు. బావ కదా అని మొహమాటపడితే మాత్రం పిక్కలు ఆయన బస్తాలోకే.

నువ్వు చేయొచ్చా అంటే, బ్లఫ్ (ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం వేయడం) అనేది ఎదుటివాడు పడేస్తాడనుకున్నప్పుడే. మార్చాక పాట్‌లో పన్నెండు ఉన్నాయి, పక్కింటివాడు వెళ్లిపోయాడు, అక్క చెక్ అంది, నువ్వు నాలుగు వేసి బ్లఫ్ చేస్తున్నావు. పదహారుకి నాలుగు, అంటే నాలుగింట ఒకసారైనా ఆవిడ పడేయాలి. అక్క ఎప్పుడూ కాల్ చేసే మనిషి అని నువ్వే అన్నావు, ఇక ఆవిడ మీద బ్లఫ్ ఎందుకు? చిన్నాన్న మీద చెయ్.

బొబ్బిలి_లెక్కలు:

బ్లఫ్ ఎప్పుడు చేయాలో మనసుకి వదిలేస్తే మొహం చెప్పేస్తుంది, ముక్కకి వదిలేయండి. నాలుగు ఆటీన్లతో ఒకటి మార్చారు, తొమ్మిది ముక్కలకి కలర్ వస్తుంది, అప్పుడు పందెం నిజమైనది. అదే పన్నెండు పిక్కల పాట్‌లో నాలుగు వేస్తే ఎదుటివాడికి ఒకటికి నాలుగు వస్తోంది, కాబట్టి మీ పందేల్లో అయిదింట ఒకటి అబద్ధం ఉంటే వాడు కాల్ చేసినా పడేసినా ఒకటే అవుతుంది. తొమ్మిదికి నాలుగో వంతు, రెండు చిల్లర. రెండు ముక్కలు ముందే అనుకోండి, ఉదాహరణకి రెండు నల్ల ఆసులు. ఇస్పేట్ ఆసో కళావర్ ఆసో వస్తే కలర్ వచ్చినట్టే పందెం వేయండి, ఇంకేదొచ్చినా చెక్ చేసి పడేయండి. మీ మొహంలో ఏం మారదు, ఎందుకంటే మీరు ఏమీ నిర్ణయించట్లేదు. ఎవరు ఏ ముక్కకి బ్లఫ్ చేస్తారో రెండు మూడు ఆటలకి కనిపెట్టే మనుషులున్నారు కాబట్టి, రోజూ ఆ రెండు ముక్కలు మార్చుకోండి.

కాశీబుగ్గ_కుర్రాడు:

ఇది బాగుంది మాస్టారూ. ఒక డౌటు, జత విరగ్గొట్టి కలర్ వేటకి వెళ్లినప్పుడు నేనే తెరిచి ఉంటే? రాజుల జతతో తెరిచి ఒక రాజుని పారేస్తే చివర్లో జాకీలకి పైన ఉన్నాయని ఎలా చూపించాలి?

మూడు_లాంతర్లు:

పారేసిన ముక్కని మిగతావాటిలో కలపకుండా మీ పిక్కల కింద బోర్లా పెట్టుకోండి, ఆట అయ్యాక తిప్పి చూపించాలి. అలా పక్కన పెట్టారంటేనే జత విరగ్గొట్టారని అందరికీ తెలిసిపోతుంది, అందుకని కొన్నిచోట్ల తెరిచినవాడు ఎప్పుడూ, విరగ్గొట్టినా లేకున్నా, పారేసినవి పక్కనే పెట్టుకోవాలని రూలు పెడతారు. ఈ రాత్రి పేక తీయకముందే మీ బావతో ఆ రూలు ఖరారు చేసుకోండి.